పది రోజుల్లో తేలిపోయే పంట ఏదైనా ఉందా?

ఈసారి పొలం గురించి కాదు, కంప్యూటర్ గురించి రాస్తున్నాను. "నీకెందుకయ్యా ఈ గొడవ, ధాన్యం రేటు గురించి రాయక" అంటారని తెలుసు. కానీ చివరిదాకా చదివితే ఇది కూడా మన గొడవేనని మీకే అర్థమవుతుంది.

నరసన్నపేటలో మేం ఎప్పుడూ వెళ్ళే ఒక డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, దినకార్యం కార్డులు, కలెక్టరు గ్రీవెన్సుకి అర్జీలు, జాతర పాంప్లెట్లు, అన్నీ అక్కడే. మా కాలువ కింద ఆయకట్టు రైతుల జాబితా కూడా ఆ షాపు కంప్యూటర్లోనే ఉంటుంది. సర్వే నంబరు, విస్తీర్ణం, రైతు పేరు, తండ్రి పేరు. పూడిక తీయడానికి ఎకరాకి ఇంత అని వేసుకునేది ఆ జాబితా చూసే. నీటి వంతుల దగ్గర తగువొస్తే ముందు తీసేది కూడా అదే కాగితం. ప్రతి వేసవిలో చనిపోయినవాళ్ళ పేర్లు తీసి కొడుకుల పేర్లు ఎక్కిస్తాం, అమ్మినవాళ్ళని తీసి కొన్నవాళ్ళని చేరుస్తాం.

ఆ షాపాయన కంప్యూటర్లో మొన్నటిదాకా ఉన్నది విండోస్ సెవెన్. అందులో పేజ్‌మేకర్, అను ఫాంట్లు, వెనకాల గుచ్చిన చిన్న కీలాక్. మన జిల్లాలో పదేళ్ళు పైబడిన డీటీపీ షాపు ఏది తీసినా ఇంచుమించు ఇదే సరంజామా. శివరాత్రి దాటాక, పని పల్చగా ఉన్న రోజుల్లో, సర్వీసు కుర్రాడు ఒకడొచ్చాడు. "ఇంకా సెవెనేటి బాబాయ్, ఏ కాలంలో ఉన్నావు?" అని విండోస్ టెన్ ఎక్కించి వెళ్ళిపోయాడు. కంప్యూటర్ లేచింది, నెట్ వచ్చింది, పాత ఫైళ్ళూ కనపడ్డాయి. అంతా బాగుందనుకున్నారు.

వైశాఖంలో ముహూర్తాలు మొదలయ్యాయి. మేమూ జాబితా పట్టుకుని వెళ్ళాం. ఫైలు తెరుచుకుంది గానీ ఒక్క అక్షరం మార్చడానికి లేదు. కీలాక్‌ని కొత్త విండోస్ గుర్తించట్లేదు. అది లేనిదే అను కీబోర్డు పలకదు. పాత ప్రింటరూ అంతే, దాని డ్రైవరు కుదరలేదు. కుర్రాడికి ఫోన్ చేస్తే, "వెనక్కి వెళ్ళే బటన్ ఒకటుండేది బాబాయ్, పది రోజులు దాటితే అది ఎల్లిపోద్ది" అన్నాడు. తప్పు అతనిదీ కాదు, షాపాయనదీ కాదు. ఆ పది రోజుల్లో షాపులో అసలు తెలుగు టైపింగు పనే రాలేదు, జెరాక్సులు తప్ప.

చివరికి ఉన్నదంతా బయట డిస్కులోకి కాపీ చేసి, కంప్యూటర్ మొత్తం తుడిచేసి, మళ్ళీ సెవెన్ వేశారు. ముహూర్తాల మధ్యలో రెండు రోజులు షాపు మూత. శుభలేఖల పార్టీలు కొన్ని శ్రీకాకుళం వెళ్ళిపోయాయి.

ఇది చూసి మా ఊళ్ళో చదువుకున్న పిల్లలు నవ్వారు. ప్రపంచమంతా ముందుకెళ్తుంటే మనవాళ్ళు వెనక్కి వెళ్తున్నారట. నాకు కోపం వచ్చింది ఆ నవ్వు మీదే. పనిముట్టు ఎందుకు? పని చేయడానికి. పని ఆగిపోయాక కొత్తదైతే ఏటి, పాతదైతే ఏటి? కొత్త నాగలి మట్టిని తిరగెయ్యకపోతే పాత నాగలి కడతాం. ఆ రోజు దాన్ని ఎవడూ వెనకబాటు అనడు.

వెనక్కి వెళ్ళింది నరసన్నపేట ఒక్కటే అనుకుంటున్నారేమో. 2007 జనవరి ఆఖర్లో విండోస్ విస్టా వచ్చింది. బరువెక్కువ, పాత ప్రింటర్లు పలకవు, పాత ప్రోగ్రాములు తిరగబడతాయి. జనం ఎంత గోల పెట్టారంటే, అమెరికాలో డెల్ కంపెనీ మూడు నెలలు తిరక్కుండానే, ఆ ఏప్రిల్లో, ఇళ్ళకి అమ్మే కంప్యూటర్లలో కొన్నిటికి మళ్ళీ ఎక్స్‌పీ ఇవ్వడం మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ లైసెన్సులోనే ఆ వీలుంది. విస్టా బిజినెస్, అల్టిమేట్ కొన్నవాళ్ళు ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌కి దిగొచ్చు. దాని పేరే డౌన్‌గ్రేడ్ హక్కు. తర్వాతి విండోస్‌లకీ కొనసాగింది అది. విండోస్ లెవెన్ ప్రో వేసి అమ్మిన కంప్యూటర్‌ని టెన్ ప్రోకి దింపుకునే వీలిచ్చారు. హోమ్ కొన్నవాడికి మాత్రం ఆ హక్కు లేదు. అంటే ఎక్కువ డబ్బు పెట్టినవాడికి వెనక్కి దారి ఉంది, తక్కువ పెట్టినవాడికి లేదు. బస్సులో ఏసీ సీటువాడికే దిగే మెట్లు ఉన్నట్టు.

ఇప్పుడు ఆ పది రోజుల సంగతి. 2015 జులై 29న విండోస్ టెన్ విడుదలైంది. సెవెన్, ఎయిట్ పాయింట్ వన్ ఉన్నవాళ్ళకి ఏడాది పాటు ఉచితం అన్నారు. నచ్చకపోతే నెల రోజుల్లోపు బటన్ నొక్కి పాతదానికి వెళ్ళిపోవచ్చు అన్నారు. పాత విండోస్ మొత్తాన్ని 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డర్లో దాచిపెట్టి ఉంచుతుంది, అందుకే వెనక్కి వెళ్ళడం కుదురుతుంది. 2016 ఆగస్టులో వచ్చిన పెద్ద అప్‌డేట్‌తో ఆ నెలని పది రోజులకి కోసేశారు. డిస్కులో చోటు ఆక్రమిస్తోంది కాబట్టి తొందరగా తీసేస్తున్నాం అన్నట్టు కారణం. లెవెన్‌కి కూడా అదే పది రోజులు. పదకొండో రోజు ఆ బటన్ ఉండదు, పాతది చెరిగిపోతుంది.

నేనడిగేది ఒక్కటే. పది రోజుల్లో ఏ పని మంచి చెడ్డా తేలుతుంది? మీరు కొత్త విత్తనం తెచ్చారనుకోండి. పది రోజులకి నారుమడిలో మొలక మాత్రం కనపడుతుంది. ఉభాలు అయ్యాయా, పిలకలు వేసిందా, పొట్ట మీద ఉండగా ఏ తెగులొచ్చింది, కోతప్పుడు పడిపోయిందా, మిల్లులో నూక ఎంత వచ్చింది, ఇవన్నీ తెలియాలంటే సీజన్ మొత్తం గడవాలి. అందుకే తెలివైన రైతు మొదటి ఏడాది ఒక మడిలోనే వేసి చూస్తాడు, మిగతా చేలో పాతదే ఉంచుతాడు, గాదెలో పాత విత్తనం అట్టేపెడతాడు. పదకొండో రోజు ఎవడో వచ్చి ఆ గాదె ఖాళీ చేసి పోతే ఊరుకుంటామా?

డీటీపీ షాపుకి సీజన్ ఉంది. పెళ్ళిళ్ళు, జాతరలు, ఎన్నికలు. మిల్లుకి సీజన్ ఉంది. ఎరువుల దుకాణానికి ఉంది. బంగారం కొట్టుకి ఉంది, మన పేటలో వాటికి కొదవా? స్కూలుకైతే ఏడాదికొక్కసారే మార్కుల పని. వీళ్ళందరికీ కంప్యూటర్లో అసలు పని మొదలయ్యేది అప్‌డేట్ వేసిన నెలకో రెండు నెలలకో. ఇంట్లో సినిమాలు చూసుకునేవాడి లెక్క పెట్టి పది రోజులని గీత గీశారు. పనితో బతికేవాడి లెక్క ఆ గీతలో లేదు.

పేదవాడి మాట ఎవరు వింటారు అంటారా? కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడుపుకునే ఒకావిడ ఉంది. ఆవిడ అడక్కుండానే కంప్యూటర్లో విండోస్ టెన్ దిగడానికి ప్రయత్నించి, చెడిపోయి, మెషిన్ నత్తలా తయారైందట. వ్యాపారం పోయిందని చిన్న దావా వేసింది. కోర్టు 10,000 డాలర్లు ఇమ్మంది. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు గానీ అప్పీలు వదిలేసి డబ్బు కట్టింది. ఇది 2016 మాట. మన దగ్గర ఇలాంటిదాన్ని పట్టుకుని వినియోగదారుల ఫోరానికి ఎవరు వెళ్తారు చెప్పండి. రెండు రోజుల షాపు నష్టానికి ఇరవై వాయిదాలు తిరగాలి.

ఇక్కడిదాకా చదివి, "అయితే అందరం సెవెన్‌కి, ఎక్స్‌పీకి పోదాం" అనుకోకండి. అదీ నా మాట కాదు. వెనక్కి వెళ్ళడంలో ప్రమాదం ఉంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడితే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఎక్స్‌పీకి కంపెనీ కాపలా 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. సెవెన్‌కి 2020 జనవరి 14తో. టెన్‌కి 2025 అక్టోబరు 14తో. ఆ తేదీ తర్వాత దొంగ దూరే కంత ఏదైనా బయటపడితే పూడ్చేవాడు ఉండడు.

2017 మే 12 గుర్తుందా? వానక్రై అని వచ్చింది. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానంది. ప్రపంచమంతా అల్లాడింది, ఇంగ్లాండులో ఆస్పత్రులు ఆపరేషన్లు వాయిదా వేశాయి. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని పడ్డాయి. అలా పడిన జిల్లాల్లో మన శ్రీకాకుళం పేరు కూడా ఉందని అప్పుడు పేపర్లలో చదివాం. నెట్‌కి తగిలించి వదిలేసిన మెషిన్ గట్టు తెగిన మడిలాంటిది, పక్క చేలోని నీళ్ళు అడక్కుండానే వస్తాయి.

కానీ అందులోనే ఇంకో విషయం ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. ఆ రోజు ఎక్కువగా పడినవి ముసలి ఎక్స్‌పీలు కావు, సెవెన్‌లు. సెవెన్‌కి అప్పటికి కంపెనీ కాపలా ఉంది. ఆ కంతకి అతుకు మార్చి 14నే విడుదలైంది. వేసుకోనివాళ్ళు పడ్డారు. మూడేళ్ళ కిందటే వదిలేసిన ఎక్స్‌పీకి కూడా, గొడవ మొదలైన మర్నాడే, కంపెనీ అతుకు తయారుగా ఇచ్చింది. అంటే ఇవ్వలేక కాదు. ఇవ్వాలనుకుంటే ఒక్క రోజులో ఇవ్వగలరు.

దీని మీద మనం పట్టుబట్టాలి అంటాను. అతుకు వేరు, కొత్త హంగులు వేరు. రెండూ ఒకే మూటలో కట్టి, ఇది కావాలంటే అదీ మోయాలి అనడం దగ్గరే గొడవంతా మొదలైంది. కీలాక్ పలకాలి, ప్రింటరు పలకాలి, దొంగ దూరకూడదు. షాపాయనకి కావలసింది ఇంతే. బటన్లు గుండ్రంగా ఉన్నాయా పలకగా ఉన్నాయా అనేది ఆయన అడగలేదు.

అలా చేయడం కుదరదంటారా? మన పొలంలోనే ఉంది ఉదాహరణ. స్వర్ణ, ఎమ్‌టీయూ 7029. మారుటేరు నుంచి 1982లో వచ్చిన వంగడం. దాని తర్వాత ఎన్ని వచ్చాయో, ఎన్ని పోయాయో. స్వర్ణని వదల్లేనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, మన దగ్గరా, ఒడిశాలోనూ. దానికి ఒక్క లోపం ఉంది, ముంపు. పైరు లేతగా ఉండగా వారం పైన నీళ్ళలో మునిగితే కుళ్ళిపోతుంది. వంశధారో నాగావళో పొంగితే మనకి కొత్తగా చెప్పాలా? శాస్త్రవేత్తలు ఏం చేశారు? "స్వర్ణ పాతబడింది, వదిలేయండి, ఇదిగో వేరే వంగడం" అనలేదు. ముంపుని తట్టుకునే ఒక్క గుణాన్ని ఒడిశా నుంచి వచ్చిన ఒక పాత రకం నుంచి తీసుకుని స్వర్ణలోకి ఎక్కించారు. 2009లో స్వర్ణ సబ్-1 అని విడుదల చేశారు. రెండు వారాల దాకా మునిగినా మళ్ళీ లేస్తుంది. గింజ అదే, కాలం ఇంచుమించు అదే, అన్నం అదే. రైతు తన పద్ధతి మార్చుకోవలసిన పని లేకుండా, ఉన్న కంత ఒక్కటి పూడ్చారు.

వరికి చేయగలిగిన మర్యాద కంప్యూటర్‌కి చేయలేరా? చేస్తున్నారు కూడా, కాకపోతే కొసరి కొసరి. టెన్‌కి కాపలా ఆగాక, ఇళ్ళలో వాడుకునేవాళ్ళకి ఒక్క ఏడాది, 2026 అక్టోబరు 13 దాకా, రక్షణ అతుకులు మాత్రం ఇస్తామన్నారు. 30 డాలర్లు కట్టాలి, లేదంటే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగులు వాళ్ళ సర్వర్‌కి పంపిస్తే ఉచితం. యూరప్ వాళ్ళు గట్టిగా అడిగితే అక్కడ షరతులు సడలించారు. అడిగినచోట ఇస్తున్నారు, అడగనిచోట అమ్ముతున్నారు.

ఇక లెవెన్ సంగతి మన పాత మెషిన్లకి అనవసరం. టీపీఎమ్ టూ పాయింట్ ఓ అనే చిప్పు ఉండాలి, ప్రాసెసరు దాదాపు 2018 తర్వాతదై ఉండాలి, పైగా ముప్పై రెండు బిట్ల రకం అందులో లేనే లేదు. ముప్పై రెండు బిట్ల కాలం నాటి కీలాక్ డ్రైవరు అరవై నాలుగు బిట్ల విండోస్‌లో ఎక్కదు. అందుకని కొత్త మెషిన్ కొన్నా షాపాయన ఇబ్బంది తీరదు.

అసలు రోగం ఇంకా లోపల ఉంది, అది కూడా చెప్పాలి. అను ఫాంట్లతో కొట్టిన తెలుగు నిజానికి కంప్యూటర్ లెక్కలో తెలుగు కాదు. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల నంబర్లు, పైన తెలుగు బొమ్మ తొడుగు. ఫాంటు లేని మెషిన్లో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనపడతాయి. మా ఆయకట్టు జాబితాలో "అప్పలనాయుడు" అని వెతికితే దొరకడు. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటు ఉంది. ఎక్స్‌పీలోనే గౌతమి ఫాంటు ఇచ్చారు. కానీ పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలుగు పడదు. 2001లో వచ్చిన ఏడో వెర్షనే దానికి ఆఖరు. శుభలేఖకి కావలసిన సోకు అను అక్షరాల్లో ఉంది, చేతికి అలవాటైన కీబోర్డు అందులో ఉంది, ఇరవై ఏళ్ళ ఫైళ్ళు అందులో ఉన్నాయి. షాపులవాళ్ళు బద్ధకస్తులై ఆగిపోలేదు. దాటడానికి వంతెన ఎవరూ కట్టలేదు. ఇప్పుడు మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, పరిస్థితి కొంచెం మెరుగు.

కాబట్టి డీటీపీ షాపులవాళ్ళకి, సొసైటీల్లో లెక్కలు చూసేవాళ్ళకి, నాకు తోచింది చెప్తాను. పాత విండోస్ మెషిన్ ఉంచుకోండి, సిగ్గేమీ లేదు. కానీ నెట్ తీగ పీకేయండి, వైఫై ఆపేయండి. పెన్‌డ్రైవు ఎవరిది పడితే వాళ్ళది గుచ్చకండి, ముందు వేరే మెషిన్లో స్కాన్ చేయండి. బ్యాంకు పని, ఆధార్ పని, ఓటీపీ పని దాని మీద వద్దే వద్దు, దానికి కొత్తదో ఫోనో ఉంది. అప్‌గ్రేడ్ ఎవరైనా వేస్తామంటే, ముందు మొత్తం డిస్కుని అచ్చుగుద్దినట్టు ఇమేజి తీయించి బయట దాచండి. గాదెలో విత్తనం అదే. వేసిన రోజే ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి కీలాక్, ప్రింటరు, ఒక పాత ఫైలు, మూడూ మీ ఎదురుగా నడిపించండి.

ఇంకొకటి, ఇది చాలామంది సర్వీసువాళ్ళకే తెలియదు. ఆ పది రోజుల్ని అరవై రోజులు చేసుకోవచ్చు. టెన్‌లోనూ లెవెన్‌లోనూ ఉంది. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'డిజ్మ్' అనే కమాండ్‌తో 'ఓఎస్ అన్‌ఇన్‌స్టాల్ విండో' అనే విలువని అరవైకి మార్చాలి. ఈ రెండు మాటలు చెప్తే తెలిసిన కుర్రాడు రెండు నిమిషాల్లో చేస్తాడు. కానీ పది రోజులు దాటకముందే చేయాలి, పాత ఫోల్డరు చెరిగిపోయాక చేసినా లాభం లేదు. అరవై వీలున్నప్పుడు అందరికీ మొదటే అరవై ఎందుకు పెట్టలేదో, దాన్ని కమాండ్లలో ఎందుకు దాచారో వాళ్ళే చెప్పాలి.

రైతులు చేయవలసింది కూడా ఉంది. మీ సంఘం జాబితా, మీ గుడి లెక్కలు, పంపకాల కాగితాలు ఏవైనా డీటీపీ షాపులో ఉంటే, ఈ వేసవిలోనే వెళ్ళి పీడీఎఫ్ చేయించుకుని మీ దగ్గర ఒక కాపీ పెట్టుకోండి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఉండిపోతుంది కాబట్టి ఎందులో తెరిచినా కనపడుతుంది. వీలైతే యూనికోడ్‌లోకి మార్పించండి. మార్చే ప్రోగ్రాములు నెట్‌లో ఉన్నాయి. మార్చాక మాత్రం ఒత్తులు, గుణింతాలు, సర్వే నంబర్లు ఒక్కొక్కటీ పాత కాగితంతో సరిచూడాలి, ఇద్దరు కూర్చుని, ఒకరు చదువుతూ ఒకరు చూస్తూ. మేం మొదలుపెట్టాం. రోజుకి నలభై పేర్లు అవుతున్నాయి. చూస్తుంటే మూడు సర్వే నంబర్ల దగ్గర ఎప్పుడో చనిపోయినవాళ్ళ పేర్లే ఇంకా ఉన్నాయి. అవి కంప్యూటర్ తప్పులు కావు, ఆ ఇళ్ళకి వెళ్ళి మాట్లాడాలి.

మా షాపాయన అడగమన్నాడు: పాత కీలాక్ డ్రైవరు సీడీ గీతలు పడి సగమే చదువుతోందట. మన నరసన్నపేట, జలుమూరు, పోలాకి, టెక్కలి వైపు ఎవరి దగ్గరైనా బాగున్న సీడీ ఉంటే చెప్పండి. కాపీ చేసుకుని మర్నాడే తిరిగి ఇచ్చేస్తాం.